ప్రొఫైల్ పాడైతే ఫార్మాట్ కొట్టేయడమేనా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళంలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాను. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ‘ఒక ఉద్యోగి యూజర్ ప్రొఫైల్ కరప్ట్ అయితే ఏం చేస్తావు?’ అని అడిగారు. ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తానన్నాను. అంతే, పంపేశారు. ఏం చెప్పాల్సింది? ఇందులో ఎదుగుదల ఉంటుందా? ఇంట్లో గ్రూప్-2కి చదవమంటున్నారు.

జవాబు: అమ్మా, యూజర్ ప్రొఫైల్ అంటే ఒక ఉద్యోగి ఫైళ్లు, సెట్టింగులు విండోస్ దాచిపెట్టే చోటు. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ బాగవుతుంది, నిజమే. కానీ అందులో ఉన్న ఫైళ్ల మాటేమిటి? ఆ ప్రశ్న అడిగింది నీకు ముందు ఫైళ్లు గుర్తొస్తాయా, విండోస్ సీడీ గుర్తొస్తుందా అని చూడటానికే.

నెలాఖరున అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయన ఉదయం లాగిన్ అవుతాడు. డెస్క్‌టాప్ ఖాళీ, ఎక్సెల్ షీట్లు ఒక్కటీ లేవు, మూలన ‘టెంపరరీ ప్రొఫైల్’ అని మెసేజ్. ఆయన టెన్షన్ ఊహించుకో. నిజానికి చాలాసార్లు ఫైళ్లు సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో ఆయన పేరు మీద అలాగే ఉంటాయి. విండోస్ వాటిని తెరవలేక తాత్కాలికంగా వేరే ప్రొఫైల్ ఇచ్చింది. అందుకే ముందు ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే: ‘సార్, ఇప్పుడు ఇందులో ఏమీ సేవ్ చేయకండి, సైన్ అవుట్ అవగానే పోతాయి.’

ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. కొన్నిసార్లు దాంతోనే సరిపోతుంది. కాకపోతే వేరే అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి, పాత ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఈ పని అవ్వకుండా మరేదీ ముట్టుకోవద్దు. డిస్క్ నిండిపోయిందా, పాడవుతోందా అన్నదీ చూడు. డిస్కే పోతుంటే ప్రొఫైల్ బాగుచేసి లాభం లేదు.

ఆ తర్వాత రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు) తెరిచి, అందులో ప్రొఫైల్‌లిస్ట్ అనే భాగం చూడు. దాన్ని మార్చే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో. ఒకే యూజర్ ఎస్‌ఐడీ (ప్రతి యూజర్‌కీ విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) రెండుసార్లు కనిపించి, ఒకదాని చివర ‘.bak’ అని ఉంటే సాధారణంగా అదే అసలుది. రెండోదాని పేరు మార్చి, దీని చివర ఉన్న ‘.bak’ తీసేస్తే చాలాసార్లు పాత ప్రొఫైల్ తిరిగొస్తుంది. యూజర్ సెట్టింగులు ఉండే NTUSER.DAT ఫైలే పాడైతే మాత్రం కొత్త ప్రొఫైల్ తప్పదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పాతది డిలీట్ చేస్తే ఫోల్డర్ కూడా పోతుంది, కాపీ ముందే చేయమన్నది అందుకే. మళ్లీ లాగిన్ అవగానే కొత్తది తయారవుతుంది. అందులోకి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ తెచ్చిపెట్టు, NTUSER.DAT తేవద్దు. అవుట్‌లుక్, ప్రింటర్, బ్రౌజర్ బుక్‌మార్కులు ఆయన పక్కన కూర్చుని సరిచూడు. ‘అన్నీ ఉన్నాయమ్మా’ అని ఆయన నోటితో అన్నాక కూడా పాత కాపీని కొన్నాళ్లు ఉంచు. ఏం చేశావో టికెట్‌లో (ఆ ఫిర్యాదు నమోదులో) రాయి.

ఇదంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 90 రోజుల విండోస్ ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ పెట్టుకో. ఒక యూజర్‌ని సృష్టించి, కావాలనే పాడుచేసి, బాగుచెయ్యి. ఆ అనుభవంతో చెప్పే జవాబు వేరుగా ఉంటుంది.

ఎదుగుదల ఉంది, కానీ కూర్చున్న చోటికి రాదు. యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్లు, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించేది), నెట్‌వర్కింగ్ బేసిక్స్, ఇన్‌ట్యూన్ (కంపెనీ పరికరాలను ఆన్‌లైన్‌లో నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) నేర్చుకుంటే సిస్టమ్ అడ్మిన్ దారిలో పడతావు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి పోస్టులు తక్కువ. ఫార్మా కంపెనీలు, జూట్ మిల్లులు, పెద్ద ఆసుపత్రుల్లో ప్రయత్నిస్తూనే విశాఖ వెళ్లడానికీ సిద్ధంగా ఉండు.

గ్రూప్-2 విషయంలో నా మాట ఇది: నోటిఫికేషన్ కోసం ఖాళీగా ఎదురుచూడకు. ముందు ఉద్యోగంలో చేరు, పరీక్ష పక్కన చదువుకో. షిఫ్టులు ఉంటాయా, రాత్రి బస్సు సౌకర్యం ఉందా అని ఇంటర్వ్యూలోనే అడుగు. ఇంట్లోవాళ్ల అసలు భయం బహుశా అదే అయ్యుంటుంది.