స్విమ్ స్టెప్ బిగించాక ట్రాన్సమ్‌లోకి నీళ్లు దిగాయి, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: సొంతానికి వాడుకునే పవర్‌బోటు ఉంది నాకు. వెనకవైపు పాత స్విమ్ స్టెప్పులు పాడైపోతే తీసేయించి, వాటి స్థానంలో పెద్ద స్విమ్ ప్లాట్‌ఫాం (నీళ్లలోకి దిగడానికి, ఎక్కడానికి వాడే తిన్నె), మడత నిచ్చెన పెట్టించాను. మోడల్ ఆన్‌లైన్‌లో చూసి నేనే తెప్పించాను, బిగించింది వర్క్‌షాప్ వాళ్లు. ఏడాది తిరక్కుండానే బ్రాకెట్ల దగ్గర గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి, కాలు పెడితే ప్లాట్‌ఫాం కదులుతోంది. ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) లోపలి చెక్క నానిపోయిందని ఇంకో మెకానిక్ అన్నాడు. వర్క్‌షాప్ వాళ్లేమో "సరుకు మీరు తెచ్చుకున్నారు, మాకు సంబంధం లేదు" అంటున్నారు. ప్లాట్‌ఫాం మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పలేదు. కేసు వేయొచ్చా? ఈలోపు బోటు వేరేచోట బాగుచేయించుకోవచ్చా?

జవాబు: కేసు వేయొచ్చు. బాగుచేయించడం మాత్రం ఇప్పుడే వద్దు, దయచేసి ఆ బోల్టులు ఎవరినీ విప్పనివ్వకండి. ఇలాంటి తగాదాల్లో మనిషి సాక్ష్యం కన్నా బోల్టు రంధ్రం చెప్పే సాక్ష్యమే బలంగా నిలుస్తుంది, కొత్త మెకానిక్ ఒకసారి విప్పి, గీకి, మళ్లీ నింపేశాడంటే ఇక అది చెప్పేదేమీ ఉండదు.

ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉన్న ట్రాన్సమ్‌కి బరువైనది ఏదైనా తగిలించాలంటే జాగ్రత్తగల పనివాడు ముందు రంధ్రం కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీతో (రాయిలా గట్టిపడే రెసిన్) నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు రంధ్రం వేస్తాడు, అప్పుడు బోల్టు చెక్కకి తగలదు, ఎప్పుడైనా సీలెంట్ వదిలినా నీరు చెక్కలోకి పోదు. లోపలివైపు ఉత్త వాషర్లతో సరిపెట్టకుండా బ్యాకింగ్ ప్లేట్ వేసి బరువుని నలుమూలలకీ పంచుతాడు. సీలెంట్‌ని బోల్టు చుట్టూ, బ్రాకెట్ కిందా పట్టించి అప్పుడు బిగిస్తాడు, అంతా బిగించేశాక బయట అంచుకి పూసి వదిలేయడు. మీ బోటులో ఒక బోల్టు తీసి చూస్తే రంధ్రం అంచున గట్టి ఎపాక్సీ వలయం కనిపిస్తుందా, నల్లబడిన తడి చెక్క కనిపిస్తుందా? వెనక ప్లేట్ ఉందా? సీలెంట్ లోపలిదాకా వెళ్లిందా? మీ కేసులో ముప్పావు భాగం ఈ మూడు ప్రశ్నల మీదే నడుస్తుంది.

అందుకే ఆ బోల్టు మొదటిసారి విప్పేది మీతో గానీ వర్క్‌షాప్‌తో గానీ ఏ లావాదేవీ లేని మెరైన్ సర్వేయర్ (బోట్లని పరీక్షించి రిపోర్టు ఇచ్చే నిపుణుడు) సమక్షంలో అయ్యుండాలి. తేదీ, టైము వేసి వర్క్‌షాప్‌కి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి, కావాలంటే వాళ్ల మనిషిని పంపుకోమనండి. వాళ్లు రాకపోతే ఆ సంగతి రిపోర్టులో రాయించండి, రేపు "మా పరోక్షంలో ఏదో చేశారు" అనడానికి వీలుండదు. తేమ మీటరు రీడింగులు, చిన్న సుత్తితో తట్టినప్పుడు బోలు శబ్దం ఎంతవరకు వచ్చిందో ట్రాన్సమ్ మీద గీతగీసి తీసిన ఫొటోలు, తీసిన బోల్టులు, చెక్క ముక్క అన్నీ విడివిడి కవర్లలో పేరు రాసి దాచండి.

ఇంకొక విషయం సర్వేయర్‌కి తప్పకుండా చెప్పండి. మీకు అంతకుముందు పాత స్టెప్పులు ఉండేవి కదా, వాటి రంధ్రాల దగ్గర తేమ విడిగా కొలవమనండి. ఎందుకంటే వర్క్‌షాప్ తరఫు లాయరు వేసే మొదటి ప్రశ్న అదే అవుతుంది: నీరు పాత రంధ్రాల నుంచి ఎప్పుడో దిగింది, మా పనికీ దానికీ లింకు లేదు అని. ఆ వాదనకి రెండు జవాబులున్నాయి. తేమ కొత్త బ్రాకెట్ల చుట్టూ ఎక్కువగా ఉండి పాత రంధ్రాల దగ్గర తక్కువగా ఉంటే వాదన అక్కడే పడిపోతుంది. పాతవి తీసి కొత్తవి బిగించే పని మొత్తం వాళ్లే ఒప్పుకుని ఉంటే పాత రంధ్రాలు పూడ్చడమూ ఆ పనిలో భాగమే, పూడ్చలేదంటే అదీ వాళ్ల లోపమే. కాకపోతే వాళ్లు చేయి పెట్టేనాటికే చెక్క కొంత చెడి ఉందని తేలితే మాత్రం ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, దానికి మీరు సిద్ధపడాలి.

ఇక "సరుకు మీరు తెచ్చుకున్నారు" అన్న మాట సంగతి. ఎంపిక వేరు, బిగింపు వేరు, చట్టం ఈ రెంటినీ కలపదు. ప్లాట్‌ఫాం ఎవరు కొన్నా రంధ్రం తొలిచింది వాళ్లు, డబ్బు తీసుకుంది ఆ పనికే, కాబట్టి పనితనంలో లోపానికి వాళ్లే జవాబు చెప్పాలి. మీ బోటు ఏ దేశంలో ఉందో రాయలేదు గానీ ఈ సూత్రం చాలాచోట్ల ఒకటే. ఇండియాలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇది సేవాలోపం. బ్రిటన్‌లో 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్, సేవ తగిన శ్రద్ధతో నైపుణ్యంతో చేయాలంటుంది, చేయకపోతే ముందు ఆ పని మళ్లీ చేసిపెట్టమని అడిగే హక్కు, అది కుదరకపోతే ధర తగ్గింపు అడిగే హక్కు ఇస్తుంది.

వాళ్ల వాదనకి బలం ఉండేది ఒక్క సందర్భంలోనే: బిగింపు సరిగ్గానే ఉండి, ప్లాట్‌ఫామే మీ బోటుకి పనికిరానిదైతే. మరీ వెడల్పు ఎక్కువైనా, బ్రాకెట్ పడే చోట ట్రాన్సమ్‌కి బలం లేకపోయినా, అలలు కింద నుంచి కొట్టే దెబ్బకి ఇచ్చిన బ్రాకెట్లు చాలకపోయినా అది ఎంపికలో తప్పు. అప్పుడు కూడా, మీరు ఫలానా బోటుకి కావాలని చెప్పి అమ్మకందారు మాట నమ్మి కొనుంటే ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు ఇండియాలో 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి మీ పాత మెసేజీలు అన్నీ వెతకండి. అమ్మినవాళ్లకి బోటు మోడల్, పొడవు చెప్పారా? వర్క్‌షాప్‌కి ఫొటో పంపి "ఇది మన బోటుకి సరిపోతుందా" అని అడిగారా, వాళ్లు "సరిపోతుంది" అన్నారా? ఆ ఒక్క మెసేజి ఉంటే ఎంపిక మొత్తం మీ నెత్తిన వేయడం వాళ్లకి కష్టం. ఫోను మార్చకండి, చాట్ చెరపకండి, ఇండియాలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అమ్మినవాళ్లనీ బిగించినవాళ్లనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే కోర్టులో లేనివాడి మీదికి తప్పు తోసేస్తారు.

ఇండియాలో అయితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి గడువు 2 ఏళ్లు. సొంత వాడకం కాబట్టి మీరు వినియోగదారులే, అయితే బోటుని మధ్యమధ్యలో అద్దెకి తిప్పుతుంటే వాణిజ్య అవసరం అన్న అభ్యంతరం వస్తుంది, ఆ సంగతి మీ లాయరు దగ్గర దాచకండి.

మరమ్మతుకి మళ్లీ వాళ్లకే అవకాశం ఇవ్వాలా అంటే, ఇచ్చినట్టు కాగితం మీద ఉండడం మీకే మంచిది, సర్వే అయ్యాక మాత్రమే. నోటీసులో గడువు పెట్టి, ఉచితంగా సరిచేయమని రాయండి. బోటు వాళ్ల యార్డులో పెట్టే ముందే ఉచితమన్నది రాయించుకోండి, ఎందుకంటే బిల్లు కట్టేదాకా వస్తువుని అట్టిపెట్టుకునే హక్కు పనిచేసినవాడికి ఇండియాలో కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది, అప్పుడు బోటు విడిపించుకోవడం ఇంకో తగాదా అవుతుంది. గడువులో వాళ్లు కదలకపోతే వేరేచోట చేయించుకోండి, రిపోర్టు చేతిలో ఉంటే ఇబ్బంది లేదు. ఈలోపు బోటు నీళ్లలోంచి తీసి ఆరబెట్టండి. తగ్గించగలిగిన నష్టాన్ని తగ్గించకుండా వదిలేస్తే ఆ పెరిగిన భాగం మీకు రాదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ వారమే రాయండి. నిజాయితీగా చెప్పాలంటే నానిన చెక్కకి వాళ్లు డబ్బు ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్ 1906 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనూ, ఇండియా 1963 చట్టంలోనూ మామూలు అరుగుదల, వస్తువులోని సహజ లోపం పాలసీలో వేరేగా లేకపోతే కవర్ కావు, నిదానంగా దిగిన నీటిని వాళ్లు ఆ ఖాతాలోనే వేస్తారు. అయినా చెప్పమనడానికి కారణం మనుషులకి తగిలే దెబ్బల కవర్. అది పోకూడదు. మార్పు దాచి, పాత స్టెప్పులే ఉన్నాయని ఫారంలో సంతకం పెట్టారంటే ఆ కవర్ పోతే వచ్చే నష్టం ముందు చెక్కకి వచ్చే నష్టం చాలా చిన్నది.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది కూడా అదే. ప్లాట్‌ఫాం కదులుతోందని మీకు తెలుసు, నాకు రాశారు కూడా. ఇకమీదట దాని మీద నిలబడ్డ పిల్లవాడు జారిపడితే వర్క్‌షాప్ కన్నా ముందు మిమ్మల్ని అడుగుతారు, తెలిసీ ఎందుకు ఎక్కనిచ్చారని. మరమ్మతు అయ్యేదాకా అటువైపు ఎవరినీ పోనివ్వకండి, బోటులో ఉన్నవాళ్లందరికీ కనిపించేలా తాడు కట్టండి.

తిరిగి పెట్టించేటప్పుడు నిచ్చెన కూడా చూసుకోండి. నీళ్లలో ఉన్న మనిషి ఎవరి సాయం లేకుండా తనే దాన్ని కిందికి దించుకుని ఎక్కగలగాలి. అమెరికాలో బోటు తయారీదారులు పాటించే ఏబీవైసీ (అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్) ప్రమాణం ప్రకారం అడుగుమెట్టు నీటిమట్టానికి కనీసం 22 అంగుళాల కింద ఉండాలి. ఎగ్జాస్ట్ గొట్టం ప్లాట్‌ఫాం కిందికి వస్తుంటే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువు అక్కడే చేరుతుంది, ఇంజిన్ నడుస్తుండగా స్విమ్ ప్లాట్‌ఫాం పట్టుకుని వేలాడ్డాన్ని కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి మరీ నిషేధించింది. హెచ్చరిక స్టిక్కర్ అతికించడం వర్క్‌షాప్ పనిలో రాయించండి.

కొత్త వర్క్ ఆర్డరులో ప్లాట్‌ఫాం బరువు, అది మోయాల్సిన బరువు, బోల్టుల గ్రేడు, బ్యాకింగ్ ప్లేట్ కొలత, "రంధ్రాలన్నీ ఎపాక్సీతో మూసి మళ్లీ తొలిచాకే బిగించాలి, పాత రంధ్రాలు పూడ్చాలి, ప్రతి దశలో ఫొటో ఇవ్వాలి" అన్న వాక్యం, ఈ మోడల్ ఈ బోటుకి తగినదని చూసి ఒప్పుకున్నామన్న వాళ్ల సంతకం ఉండాలి. ఆఖరిది రాయడానికి ఒప్పుకోని వర్క్‌షాప్‌కి పని ఇవ్వకండి. సర్వే రిపోర్టు చేతికొచ్చాక పాత బిల్లు, మెసేజీల ప్రింటు, పాలసీ కాగితం కలిపి మీ ఊరి లాయరుకి ఇస్తే నోటీసు ఒక్క పూటలో తయారవుతుంది.