సర్వీస్ సెంటర్ 41,300 అంటోంది.. ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 52 వేలు. ఏడేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోల్ కారు ఉంది, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. మామూలు సర్వీసుకని ఇస్తే 41,300 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. సర్వీసు 6,200, ముందు బ్రేక్ ప్యాడ్లు 3,400, క్లచ్ సెట్ 11,500, లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు కలిపి 9,800, ఏసీ క్లీనింగ్ 2,200, ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ 2,900, కారు అడుగున కోటింగ్ 3,800, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,500. నడపడానికి ఏ ఇబ్బందీ లేదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం ముందు వైపు టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. బంపర్ గీతలు పోవడానికి 4,500 అవుతుంది, అది ఇన్సూరెన్స్‌లో చేయిద్దామంటున్నారు. ఒకేసారి కట్టలేకపోతే నెలకు 3,750 చొప్పున 12 నెలల ఈఎంఐ ఉందట. నాకు లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. అది తీయాలా, ఈఎంఐ పెట్టుకోవాలా మేడం?

జవాబు: ఎఫ్‌డీ తీయొద్దు. ఈఎంఐ కూడా వద్దు. మీరు రాసిన లెక్క చూస్తే ఈ నెల చేయించాల్సిన పని 9,600 రూపాయలదే: సర్వీసు, బ్రేక్ ప్యాడ్లు. అది జీతంలోంచే సర్దుకోవచ్చు. ఆ ఈఎంఐ లెక్క కూడా ఒకసారి చూడండి. 3,750 చొప్పున 12 నెలలంటే 45,000. అంటే 3,700 వడ్డీ. అవసరమో కాదో తేలని పనికి వడ్డీ కూడా కట్టినట్టవుతుంది.

రిపేరు ఖర్చులో మనం ఎక్కువగా నష్టపోయేది రేటు దగ్గర కాదు, తొందరలో ‘సరే’ అనేసే దగ్గర. బండి లిఫ్ట్ మీద ఉంటుంది, మనం ఆఫీసులో ఉంటాం, ‘సార్, ఇది కూడా మార్చేయమంటారా’ అని ఫోన్ వస్తుంది. బ్రేకులు, క్లచ్ అనే మాట వినగానే ఇంట్లో పిల్లలు గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. ఆ భయం తప్పు కాదు. అందుకే ఆ ఫోన్‌లో జవాబు చెప్పకండి. ‘ఫొటో, రేటు వాట్సాప్‌లో పెట్టండి, సాయంత్రం చెప్తాను’ అనండి.

మీ ఎస్టిమేట్‌లో ఒక్కో పనీ చూద్దాం. బ్రేక్ ప్యాడ్ కొత్తప్పుడు దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే, అందులో బేరం లేదు. చక్రం విప్పి చూపించమనండి. ఇంకా 5, 6 మిల్లీమీటర్లు ఉంటే వచ్చే సర్వీసు దాకా ఆగొచ్చు.

క్లచ్ సంగతి వేరు. మీకు నడపడంలో ఏ ఇబ్బందీ లేదంటున్నారు. క్లచ్ ప్లేట్ అరిగితే బండే చెబుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడో, మూడు, నాలుగు గేర్లలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడో ఇంజిన్ మోత పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. కాలిన వాసన కూడా రావచ్చు. ఇవేవీ లేకుండా కిలోమీటర్ల లెక్క చూసి మాత్రమే 11,500 పెట్టమంటే ఒప్పుకోవద్దు. రేపు నిజంగానే మార్చాల్సి వస్తే మాత్రం ప్లేటు ఒక్కటే మార్చి సరిపెట్టకండి. గేర్‌బాక్స్ దించడానికే లేబర్ ఎక్కువ అవుతుంది, కాబట్టి ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే వేయించడం లాభం.

చప్పుడు మాత్రం నిజమైన సమస్యే. కానీ టక్ టక్‌కి కారణం సస్పెన్షన్‌లో, అంటే కుదుపులు తట్టుకునే భాగాల్లో, ఒక లింక్ రాడ్ కావచ్చు, లోయర్ ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు బుష్ కావచ్చు. రెండు వైపులా ఆర్మ్‌లు మొత్తం మార్చడానికి, అరిగిన బుష్ ఒక్కటి మార్చడానికి ఖర్చులో చాలా తేడా ఉంటుంది. ఆటోనగర్‌లో ఒకరికి ఇద్దరు మెకానిక్‌లకు చూపించండి. మొదటాయన ఏం చెప్పాడో రెండో ఆయనకు చెప్పకండి. ‘చప్పుడు వస్తోంది, చూడండి’ అని ఊరుకోండి. ఇద్దరూ ఒకే పార్టు పేరు చెబితే వచ్చే నెల ఆ పని చేయించండి. ఈలోగా స్టీరింగ్‌లో లూజు తెలిసినా, బండి పక్కకు లాగినా నెల ఆగొద్దు, వెంటనే చూపించండి. వీల్ అలైన్‌మెంట్ ఈ పని అయ్యాకే. ఇప్పుడు 1,500 పెట్టి చేయించి, తర్వాత ఆర్మ్ విప్పితే మళ్లీ చేయించాల్సి వస్తుంది.

మిగిలిన ఏసీ క్లీనింగ్, ఫ్లష్, కోటింగ్ కలిపి 8,900. ఏసీ చల్లగా ఉండి, వాసన లేకపోతే దాన్ని కదిలించొద్దు. ఫ్లష్ (ఇంజిన్ లోపల కడగడం), ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) క్లీనింగ్ మీ ఓనర్స్ మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో ఉన్నాయేమో చూడండి. లేకపోతే, బండికి ఇబ్బందీ లేకపోతే వద్దనండి. విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లో కొత్త బండికైతే అడుగున కోటింగ్ గురించి ఆలోచించేదాన్ని. గుంటూరులో ఏడేళ్ల కారుకు అవసరం కనిపించడం లేదు.

ఆ మాన్యువల్ కారు డాష్‌బోర్డు అరలోనే ఉంటుంది, మనం తెరవం. ఏ పార్టు ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలో, ఇంజిన్‌కు ఎన్ని లీటర్ల ఆయిల్ పడుతుందో అందులో రాసి ఉంటుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లకు సాధారణంగా మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. బిల్లులో నాలుగున్నర రాసి ఉంటే అడగాల్సిందే.

నా అనుభవం ఒకటి చెప్తాను. నాలుగేళ్ల కిందట ఒక సర్వీస్ సెంటర్‌లో సాయంత్రం వేళ, పాపను చంకనేసుకుని బిల్లు కట్టి వచ్చేశాను. అందులో కొత్త ఎయిర్ ఫిల్టర్ 480 రూపాయలు. ఆదివారం ఎందుకో అనుమానం వచ్చి బానెట్ ఎత్తి ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీశాను. లోపల మట్టి పట్టిన పాత ఫిల్టరే ఉంది. మడతల మధ్య ఎండిన వేపాకు కూడా ఇరుక్కుని ఉంది. ఫొటో తీసుకుని వెళ్తే ‘పొరపాటు’ అని డబ్బు తిరిగిచ్చారు. బిల్లు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అంతకుముందు ఎన్నిసార్లు చూడకుండా కట్టానోనన్న ఆలోచన. అప్పటి నుంచి బండి ఇచ్చే ముందు ఫిల్టర్, బ్యాటరీ, టైర్లు, కిలోమీటర్ల రీడింగ్ ఫొటోలు తీస్తాను. జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద ‘ముందుగా చెప్పకుండా అదనపు పని చేయొద్దు, మార్చిన పాత సామాను తిరిగివ్వాలి’ అని చేత్తో రాశాకే సంతకం పెడతాను. మీరూ అలాగే చేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పార్టు కొత్తదైతే దాని ప్యాకెట్ కూడా అడగండి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. బిల్లులో ధర, జీఎస్టీ విడివిడిగా వేస్తారు కాబట్టి రెండూ కలిపి చూడండి. 2,000 మీద 18 శాతం జీఎస్టీ 360, మొత్తం 2,360. ప్యాకెట్ మీద అంతకంటే తక్కువ ఉంటే మీ దగ్గర ఎక్కువ తీసుకున్నట్టే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు పార్టులన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత శాతం వేస్తే ప్రశ్నించండి. బ్యాటరీ మార్చినప్పుడు పాతదానికి విలువ కట్టి తగ్గించాలి, అది చాలామంది అడగడం మర్చిపోతారు.

బయట చేయిస్తే వారంటీ పోతుందన్న భయం మీకు అక్కర్లేదు, ఏడేళ్ల బండికి అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కొత్త కార్లున్నవాళ్ల కోసం ఒక మాట. 2014లో మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారన్నది అభియోగం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దని కూడా ఆ ఆదేశంలో ఉంది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. అందుకే వారంటీ ఉన్నన్నాళ్లూ సర్వీసు బిల్లులన్నీ దాచుకోమంటాను. ఆటోనగర్‌లో చేయించినా బిల్లు తీసుకోండి.

ఇక బంపర్. ఇన్సూరెన్స్‌లో చేయిస్తే ఉచితమన్నట్టు చెబుతారు, కాదు. అయిదేళ్లుగా క్లెయిమ్ చేయకపోతే మీకు ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. ఆ ప్రీమియం 6,000 అనుకోండి. ఒక్క క్లెయిమ్ పెడితే వచ్చే ఏడాది బోనస్ సున్నా, 3,000 పోయింది. ఆ తర్వాత 20, 25, 35, 45 శాతాలుగా మెల్లగా పెరిగి మళ్లీ 50కి వచ్చేసరికి ఇంకో 4,500 పోతుంది. మొత్తం 7,500. ఏటా ప్రీమియం కాస్త తగ్గుతుంది కాబట్టి ఇంకొంచెం తక్కువే అనుకుందాం. మీకు వచ్చేది? బంపర్ ఖర్చు 4,500లో తప్పనిసరిగా మీరే భరించాల్సిన 1,000 తీసేస్తే 3,500, బండి పాతదని తరుగుదల కోత పడితే ఇంకా తక్కువ. గీతలతో బండి ఆగదు, వదిలేయండి. పెద్ద దెబ్బ తగిలిన రోజున క్లెయిమ్ పెట్టుకుందురు గాని.

చేయని పనికి బిల్లు వేశారని తేలి, అడిగినా తిరిగివ్వకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఫొటోలు, జాబ్ కార్డు, వాట్సాప్ మెసేజ్‌లు అప్పుడు పనికొస్తాయి.

మీ ఎఫ్‌డీ ఆసుపత్రి అవసరానికి, ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి. కారుకు వేరే డబ్బు ఉండాలి. ఏడాదికి సర్వీసు 8,000, ఇన్సూరెన్స్ 7,000, టైర్ల వాటా 4,000, బ్యాటరీ వాటా 1,250, బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్ లాంటివాటికి 6,000 వేసుకుంటే 26,250. నెలకు 2,200. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా అంత మొత్తానికి ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) పెట్టండి. వచ్చే నెల సస్పెన్షన్ పని కూడా జీతంలోంచే చేయించి, ఆ పై నెల నుంచి ఆర్డీ మొదలుపెట్టండి. మెకానిక్‌లు ఇద్దరూ వేర్వేరు మాటలు చెబితే, వాళ్లు చెప్పిన పార్టుల పేర్లు, రేట్లతో మళ్లీ రాయండి. కలిసి చూద్దాం.