పిల్లల ముందు గొడవపడకూడదా? నా అనుభవం చెప్తాను

మీరు అడిగింది ఇది: బాబుకి ఐదేళ్లు, వాడి ముందు గొడవపడకూడదని మీ ఇద్దరూ కోపం ఆపుకుంటారు, కానీ ఆ తర్వాత రోజుల తరబడి సరిగ్గా మాట్లాడుకోరు. ఈమధ్య వాడు స్కూల్లో ఎవరితోనూ కలవడం లేదట. దీనికి ఇంటి వాతావరణమే కారణమా అని మీ టెన్షన్.

అదే కారణమని దూరం నుంచి ఎవరం చెప్పలేం. కొంతమంది పిల్లలు స్వభావరీత్యానే కొత్తవాళ్లతో నెమ్మదిగా కలుస్తారు. కానీ మీరు చెప్పిన ఆ మౌనం గురించి మాత్రం నేను మాట్లాడగలను. నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే.

మా ఇంట్లో అరుపులు వినపడేవి కావు. అమ్మానాన్నలకు పడకపోతే మాటలు ఆగిపోయేవి. 'మీ నాన్నని భోజనానికి రమ్మను' అని అమ్మ నాతో అనేది. 'తర్వాత తింటానని చెప్పు' అని నాన్న కూడా నాతోనే అనేవారు. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉండేది! ఎందుకు అలిగారో నాకెవరూ చెప్పేవారు కాదు కాబట్టి, నేనే ఏదో చేసి ఉంటాననుకునేదాన్ని. తలుపు వేసిన చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో పసిగట్టడం అలవాటైపోయింది. కొన్నాళ్లకు ఇద్దరూ మళ్లీ మామూలుగా మాట్లాడుకునేవారు. ఎవరు ముందు తగ్గారో, ఏమని మాట కలిపారో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

దాని ప్రభావం నా స్నేహాల మీద పడింది. ఎవరైనా నా మీద కాస్త విసుక్కుంటే ఇక ఆ స్నేహం అయిపోయిందనే అనుకునేదాన్ని. కోపం వచ్చాక కూడా మనుషులు కలిసి ఉంటారని నాకు చాలా ఆలస్యంగా, పెళ్లయ్యాక తెలిసింది.

మార్క్ కమ్మింగ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పెద్దల గొడవలు చూసినప్పుడు పిల్లలు ఎలా స్పందిస్తారో ఏళ్ల తరబడి పరిశోధించారు. బయటికి చెప్పకుండా ముభావంగా ఉన్నా పిల్లలు ఆ కోపాన్ని గుర్తుపడతారు, కలతపడతారు. అదే గొడవ సర్దుకోవడం చూస్తే ఆ కలత బాగా తగ్గుతుంది. తలుపు వెనక రాజీపడి, ఆ సంగతి తర్వాత పిల్లలకు చెప్పినా మేలే జరుగుతుంది. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో నెలల పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. అప్పటిదాకా ఆడిస్తున్న తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే, పాప ముందు నవ్వి, చేతులు చాచి తల్లిని పలకరించే ప్రయత్నం చేస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. మాటలు రాని వయసులోనే ఇంత తెలిస్తే, ఐదేళ్ల పిల్లాడికి మీ మధ్య ఏం జరుగుతోందో తెలియకుండా ఉంటుందా?

అందుకే మేమిద్దరం చిన్నచిన్న విషయాలకు మా పాప ముందే వాదించుకుంటాం, దాని ముందే సర్దుకుంటాం. డబ్బు సంగతులు, పెద్దవాళ్ల మీద ఫిర్యాదులు మాత్రం అది పడుకున్నాకే. తెల్లారి ఇంకా ముఖాలు మాడి ఉంటే, 'నాన్న మీద నాకు కోపం వచ్చింది, నీ వల్ల కాదు, ఇద్దరం మాట్లాడుకుంటున్నాం' అని చెప్పేస్తాను. కబుర్లు మోయడం, 'నువ్వే చెప్పు, ఎవరిది తప్పు' అనడం మా ఇంట్లో లేవు. మొన్న పాప తన స్నేహితురాలితో 'నాకిప్పుడు కోపంగా ఉంది, తర్వాత ఆడుకుందాం' అనడం విన్నాను. నాకు ఆ వయసులో ఆ మాట అనడం రాదు.

ఇదంతా మామూలు గొడవల గురించి. బెదిరింపులు, తిట్లు, చెయ్యి చేసుకోవడం ఉన్న ఇంట్లో 'తర్వాత కలిసిపోయాం కదా' అంటే సరిపోదు. అక్కడ ముందు పిల్లల్నీ, దెబ్బలు తింటున్న మనిషినీ కాపాడుకోవాలి, బయటి సాయం తీసుకోవాలి.

మీ బాబు విషయంలో ముందు టీచర్‌ని వివరంగా అడగండి. గుంపులోకి మాత్రమే వెళ్లడం లేదా, లేక ఒక్కరితో కూడా ఆడటం లేదా? ఈ మార్పు ఎప్పటి నుంచి కనిపిస్తోంది? ఒక్క నేస్తం ఉన్నా అంత కంగారు అక్కర్లేదు. నిద్ర, తిండి కూడా తగ్గి, వారాలు గడిచినా అలాగే ఉంటే పిల్లల సైకాలజిస్టుకి చూపించండి. ఈలోగా ఈసారి మీకు కోపం తగ్గినప్పుడు, వాడు ఇంట్లో తిరుగుతున్న టైమ్ చూసి మీ ఆయనతో మాట కలపండి.