డిజిటల్ చదువులో అసలు చిక్కు ఎక్కడ?

డిజిటల్ విద్యలో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఎదురయ్యే ఇబ్బందులు ఏమిటి? ఫోను, సిగ్నలు లేకపోవడమే అని చాలామంది అంటారు. అది సగం నిజం. కరోనాతో బడులు మూతబడినప్పుడు, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంట్లో సిగ్నలు బెంగ తీరింది. కానీ భిన్నాలు కూడేటప్పుడు హారాలు ఎందుకు సమానం చేయాలో అర్థంకాని పిల్లకు టీవీని ఆపి అడగడం కుదరదు. తరగతిలో అయితే నొసలు ముడిపడగానే మాస్టారు పసిగట్టి, సుద్దముక్కతో మళ్లీ గీసి చూపిస్తారు. తెర మీద ఆ చూపు తెగిపోతుంది. నా దృష్టిలో అతి పెద్ద నష్టం ఇదే. ఉపాధ్యాయులది మరో బరువు: వాట్సాప్‌లో వచ్చిన నోటుపుస్తకాల మసక ఫొటోలను రాత్రిపూట ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని దిద్దాలి. ఇక ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పాటు పనికి వెళ్తే, పాఠం సాయంత్రం దాకా ఆగాల్సిందే.