మిద్దె తోటకు తొందరపడొద్దు: మహేశ్‌కు పెద్దమ్మ జాబు

తాడిపత్రి

చిరంజీవి మహేశ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

ఉగాది దాటిందో లేదో మిద్దె మీద టమోటా, వంగ, మిరప నారు పెడతానని ఫోన్లో చెప్పినావు. సంచులు కూడా కొంటినంటివి. సంచులు పాడైపోయేవి కావు, ఉండనీ. నారు మాత్రం ఇప్పుడు కొనొద్దు నాయనా. అనంతపురం ఎండకు ఏప్రిల్, మే నెలల్లో సిమెంటు మిద్దె పెనం మాదిరి కాలుతుంది, దాని మీద పెట్టిన సంచిలో మన్ను కూడా ఉడుకుతుంది. ఆకు మాడితే మళ్ళీ చిగురేస్తుంది. వేరు ఉడికితే చేయగలిగిందేమీ లేదు. టమోటా ఎట్లో బతికినా కాయదు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. అది తెగులు కాదు, దానికి ఏ మందు కొట్టినా డబ్బు దండగే. ఆగస్టులో నారు పోసి సెప్టెంబరులో నాటుకుంటే సంక్రాంతి దాటేదాకా కోసుకోవచ్చు. అంతదాకా మిద్దెను, మన్నును సిద్ధం చేసుకో.

మొదట బరువు సంగతి. మనుషులు తిరిగే మిద్దెకు ఇంజనీర్లు మామూలుగా లెక్కేసేది చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు. 20 లీటర్ల బకెట్లో తడిమన్ను 25 కిలోలు తూగుతుంది, అది ఆక్రమించేది ఒక అడుగు చోటు. అందుకని కుండీలన్నీ మిద్దె నడిమధ్యన గుంపుగా పెట్టొద్దు. పిట్టగోడల వెంబడి, కింద గోడలూ దూలాలూ ఉన్న చోట వరుసగా పెట్టు, రెండింటి మధ్య అడుగు ఎడం ఉండనీ. పెద్ద డ్రమ్ములు స్తంభాల మీదికి రావాల. మీది కాంక్రీటు మిద్దె కాబట్టి ఇంత చెప్తాండా. పాత బండల మిద్దె, మట్టి మిద్దె అయితే ఈ పనే వద్దనేదాన్ని. ఏ కుండీ అయినా నేలకు ఆనకూడదు, రెండు ఇటుకల మీద నిలబెట్టు. కింద గాలాడితే వేడి తగ్గుతుంది, స్లాబు చెమ్మెక్కదు, చిమ్ముకోవడానికీ చీపురు పడుతుంది.

ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతు చాలు. వంగ, మిరప, టమోటాలకు అడుగు లోతు, 20 లీటర్ల మన్ను, ఒక్కో దాంట్లో ఒకే మొక్క. బీర, సొర, కాకరలకు 40 లీటర్లకు తగ్గితే తీగ పారుతుంది గానీ కాయలు నిలవవు. పాత బకెట్లు వాడుకుంటే అడుగున ఐదు రంధ్రాలు, చిటికెన వేలంత వెడల్పుతో వెయ్యి. పక్క గోడకు కూడా, అడుగు నుంచి ఒక అంగుళం పైన, రెండు వెయ్యి. చానామంది అడుగున కంకర పోస్తారు, నీళ్ళు బాగా దిగుతాయని. దిగవు. మన్నులోని నీళ్ళు కంకర దగ్గరికొచ్చి అక్కడే ఆగుతాయి, వేరు ఉండే చోటే బురదవుతుంది. రంధ్రం మీద ఒక పెంకుముక్క బోర్లిస్తే చాలు. నల్ల కుండీలకు చుట్టూ గోనెసంచి చుట్టు, లేదా తెల్ల పెయింటు వేసెయ్.

ఇక మన్ను. మిద్దె తోటలో సగం పని ఇదే. నాలుగు బకెట్ల ఎర్రమన్ను, మూడు బకెట్ల బాగా మాగిన దిబ్బ ఎరువు, రెండు బకెట్ల కొబ్బరి పొట్టు, ఒక బకెట్ వర్మీ కంపోస్టు. ఈ పది బకెట్లకు ఒక కిలో వేపచెక్క, అంటే వేపగింజల నూనె తీసినాక మిగిలే పిప్పి. నల్లరేగడి, చెరువు మన్ను బలమైనవే గానీ కుండీలో పనికిరావు, తడిస్తే జిగురై, ఆరితే నెర్రెలిచ్చి వేర్లను తెంపుతాయి. దిబ్బ ఎరువు ఏడాది నిలవున్నదై ఉండాల. పేడ వాసన కొడుతోందంటే మాగలేదు. అట్లాంటిది వేస్తే వేడికి నారు వాలిపోతుంది, తెల్లటి వేరుపురుగూ దాంతోనే వస్తుంది. కొబ్బరి పొట్టు ఇటుకలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ రెండు మార్లు అట్లే చెయ్యి. ఐదు కిలోల ఇటుక నానితే అరవై లీటర్లకు పైగా పొంగుతుంది, ఒకటి తెస్తే చానా కుండీలకు సరిపోతుంది. అంతా కలిపి, తడిపి, పట్ట కప్పి పక్షం రోజులు నీడన ఉంచి అప్పుడు నింపు.

మన ప్రాంతంలో చెనిక్కాయ పొట్టు చవగ్గా దొరుకుతుంది. దాన్ని మన్నులో కలపొద్దు, కుళ్ళేటప్పుడు మొక్కకు పోవాల్సిన నత్రజనిని అదే లాక్కుంటుంది. పైన రెండంగుళాల మందాన పరిస్తే మాత్రం దాన్ని మించింది లేదు, తేమ నిలుస్తుంది, వేరుకు ఎండ తగలదు. పరిచే ముందు నాలుగు రోజులు గట్టి ఎండలో ఎండబెట్టు. చెనిక్కాయ చేలో మొదలుకుళ్ళు తెచ్చే బూజు ఆ పొట్టుతోపాటు రావచ్చు. కాండం మొదట్లో తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే అదే. ఆ మొక్కను మన్నుతో సహా తీసి పారెయ్, ఇంకో కుండీలో కలపొద్దు. పొట్టు ఎప్పుడూ కాండానికి రెండు వేళ్ళ దూరంలోనే ఆగాల.

నీళ్ళ దగ్గరే మన ఊళ్ళలో చాలామంది దెబ్బతింటారు. బోరు నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళకు కొనుక్కున్న ఆర్వో ఫిల్టరు పక్కన టీడీఎస్ మీటరు ఉంటుంది కదా, నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచేది, దాన్ని ముంచి చూడు. 500 లోపు ఉంటే దిగులు లేదు. వెయ్యి దాటితే బీన్స్, ఎర్రగడ్డలు మొదలే పెట్టుకోకు, పాలకూర, బీట్‌రూట్ కొంత ఓర్చుకుంటాయి. ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళు దండగ చేయకుండా చెట్లకు పోస్తామంటారు. వద్దు, బోరు నీళ్ళ కంటే వాటిలోనే ఉప్పు ఎక్కువ. ఆకు అంచులు కాలినట్టయి, మన్ను మీద తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకున్నట్టు. అప్పుడు మునిసిపాలిటీ నీళ్ళో వాన నీళ్ళో కుండీకి రెండింతలు, అంటే 20 లీటర్లదానికి 40 లీటర్లు, నిదానంగా పోసి కిందికి దిగిపోనిస్తే ఉప్పు కడుక్కుపోతుంది. అన్ని నీళ్ళు ఎక్కడివి అంటావేమో. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల నీళ్ళు. గొట్టం కింద రెండు డ్రమ్ములు పెట్టు. అనంతపురానికి ఏడాది మొత్తంలో పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, దాన్ని కాలవలోకి వదిలేసి ట్యాంకరు పిలిపించుకోవడం ఏం తెలివి?

నీళ్ళు పొద్దున ఎనిమిది లోపలే పోయాల. మధ్యాహ్నం నల్ల ట్యాంకులో నీళ్ళు చేయి పెట్టలేనంత వేడి. పైపు ఎండలో పడి ఉంటే మొదట వచ్చే నీళ్ళు బకెట్లోకి పట్టి చల్లారనీ. చలికాలంలో 20 లీటర్ల కుండీకి లీటరు, లీటరున్నర, ఎండాకాలం మూడు దాకా. లెక్క కంటే వేలు నయం. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ పూట మానెయ్. ఒకరోజు ఎండగట్టి మరుసటిరోజు ముంచితే టమోటా కాయ అడుగున నల్లటి మచ్చ పడుతుంది. దానికి కోడిగుడ్డు పెంకులు వేయమంటారు, అవి కరగడానికే నెలలు పడుతుంది. నీళ్ళు సమంగా ఇస్తే కొత్త కాయకు రాదు.

ఊరికే ఉండలేనంటే ఇప్పుడు మటిక్కాయలు (గోరుచిక్కుడు), బెండ, గోంగూర, తోటకూర వేసుకో, ఈ ఎండను అవే ఓర్చేది. బెండ విత్తనం రాత్రి నానబెట్టి అర అంగుళం లోతున పెట్టు. కొత్తిమీర ఇప్పుడు వేస్తే జానెడు పెరగకుండానే పూతకొస్తుంది, కార్తీకం దాకా ఆగు. వీటి పైన 50 శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండను ఆపే వల, ఏడడుగుల ఎత్తున కట్టు. జూన్ మొదట్లో నెట్ విప్పేసి మడిచిపెట్టు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా, ఆషాఢం గాలికి నెట్ చినగడమే కాదు, కట్టిన కమ్మీలను కూడా లాక్కుపోతుంది. బీర, కాకర జూన్ చివర్లో పెట్టి పందిరిని పిట్టగోడకు గట్టిగా బిగించు. చిక్కుడు ఆషాఢంలోనే పెట్టాల, పొద్దు కురచయ్యేదాకా పూయదు కాబట్టి అప్పటికి తీగ బలపడి ఉండాల. ముల్లంగి, క్యారెట్, కోసుగడ్డ (క్యాబేజీ) అక్టోబరు తర్వాత.

తీగలకు పూలున్నా పిందె నిలవకపోతే మిద్దె ఎత్తుకు తేనెటీగలు రావడం లేదని అర్థం. మగపువ్వు తెంపి, ఆడపువ్వు మధ్యన తాకించు. పిందె ఆకారం వెనకాల ఉన్నదే ఆడపువ్వు. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పొద్దున. వేళ తప్పితే పని జరగదు.

నాటిన మూడు వారాల నుంచి పక్షానికోసారి మేత. వంద గ్రాముల చెనిక్కాయ చెక్క లీటరు నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి కుండీకి అర లీటరు పోయి. వాసన భరించలేనని కోడలంటే జీవామృతం చేసుకోండి. 20 లీటర్ల నీళ్ళకు కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. నీడలో రెండు రోజులు, పూటకోసారి కలియదిప్పుతూ ఉంచి, వారంలోపల వాడేయాల.

పురుగుల సంగతి కొంచెమే చెప్తా, ఎండ, ఉప్పు సరిచూసుకున్నవాళ్ళకు అవి అంత బాధపెట్టవు. పేనుబంక, తెల్లదోమ ఆకు అడుగున ఉంటాయి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల షాంపూ, సాయంత్రం చల్లబడ్డాక ఆకు అడుగు తడిసేలా కొట్టు. ఎండలో కొడితే ఆకు కాలుతుంది. టమోటా ఆకులు ముడుచుకుని మొక్క గిడసబారితే అది వైరస్, పీకెయ్. వంగ కొమ్మ చివర వాలితే లోపల పురుగు దూరినట్టు, వాలినచోటికి అంగుళం కిందికి కత్తిరించి సబ్బునీళ్ళలో వెయ్. కింద వదిలేస్తే అదే మళ్ళీ కాయలోకి వస్తుంది.

నారు పోసే ముందు నాకొక ఫోన్ చెయ్యి, నాటు వంగ, బుడమకాయ విత్తనాలు బస్సులో పంపిస్తా. అన్నట్టు వానలు మొదలవకముందే మిద్దె మీది నీటి గొట్టాలకు జాలీ బిగించు. చెనిక్కాయ పొట్టు ఒక్క వానకే కొట్టుకుపోయి గొట్టం పూడిస్తే నీళ్ళు మిద్దె మీదే నిలుస్తాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ