జిరాక్స్ షాపు నుంచి వచ్చాక పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్లే! ఇంటి కంప్యూటర్‌కు ప్రమాదమా?

హనుమకొండలో హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకుని వచ్చాక ఇలా అయిందని రాశారు. ప్రమాదమే. కానీ కంగారుపడి ఫార్మాట్ చేయకండి, మీ ఫైళ్లు చాలావరకు అందులోనే ఉంటాయి.

ఈ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. గుర్తు కింది మూలన చిన్న వంకర బాణం కనిపిస్తుంది చూడండి, అదే ఆనవాలు. దాన్ని నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనుక వైరసూ నడుస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

షార్ట్‌కట్ల జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ పేరు మీద కుడి బటన్ నొక్కి విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్‌తో స్కాన్ చేయండి. ఆ తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా మార్చుకుంటే మీవి బయటపడతాయి. ఇప్పటికే షార్ట్‌కట్ నొక్కి ఉంటే కంప్యూటర్ మొత్తాన్ని స్కాన్ చేయాల్సిందే.

ఇకపై షాపుకు ఒక్క పీడీఎఫ్ మాత్రమే ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

అప్‌డేట్లను వాయిదా వేయకండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది! విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, అదీ చూసుకోండి.

పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే హార్డ్‌డిస్క్‌లో పెట్టి, కాపీ అవగానే దాన్ని కంప్యూటర్ నుంచి తీసేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.