ఇంజిన్ ఆయిల్: కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు

ప్రశ్న: మా పెట్రోల్ కారు రోజూ ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు పోయి, నాలుగు కిలోమీటర్లు వస్తుంది. ఏడాదంతా తిరిగినా మూడు వేలు దాటదు. మాన్యువల్‌లో ఆయిల్ మార్చడానికి "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది" అని ఉంది. పదివేలు అయ్యేదాకా ఆగొచ్చా?

జవాబు: ఆగకూడదు. ఆ వాక్యం పక్కనే "ఏది ముందైతే అది" అని కూడా ఉంటుంది, చూడండి. మీ వాడకానికైతే ఏడాది కూడా ఎక్కువే. ఆరు నెలలకోసారి మార్చండి.

తక్కువ తిరిగే బండికి తరచుగా మార్చాలనడం వింతగానే ఉంటుంది. కానీ లోపల జరిగేది ఇదీ: ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. చాలామటుకు సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. పైగా చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు కాస్త ఎక్కువే పడుతుంది. కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల వెంట జారి అదీ అక్కడికే చేరుతుంది. ఆయిల్ 90-100 డిగ్రీలకు కాగి కొంతసేపు అలాగే ఉంటే ఈ నీరూ, పెట్రోల్లో చాలా భాగమూ ఆవిరై, పీసీవీ వాల్వ్ (సంప్‌లోని ఆవిరిని ఇంజిన్‌కి తిరిగి పంపే వాల్వ్) ద్వారా మళ్లీ ఇంజిన్‌లోకి పోయి ఖర్చయిపోతాయి.

డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకు వచ్చింది కాబట్టి ఆయిల్ కూడా కాగిందనుకోకండి. ఆ ముల్లు చూపించేది కూలెంట్ వేడి. ఆయిల్ దానికంటే చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. నాలుగు కిలోమీటర్లలో అది కాగనే కాగదు. చేరిన నీరూ పెట్రోలూ అక్కడే ఉండిపోయి ఆమ్లాలు తయారవుతాయి. వాటిని విరిచేయడానికి ఆయిల్‌లో కలిపిన క్షార గుణమున్న మందు రోజురోజుకీ తరిగిపోతుంది. అది అయిపోయాక ఆమ్లాలు బేరింగులను తినేయడం, వాల్వ్ కవర్ కింద నల్లటి జిగురు పేరుకోవడం మొదలవుతాయి. ఆ జిగురు సంప్‌లోని జాలీకి అడ్డుపడితే పంపుకి ఆయిల్ అందదు.

వారానికోసారి ఆపకుండా అరగంట, నలభై నిమిషాలు నడిపితే చాలా మేలు. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం చెయ్యకండి, దానివల్ల కీడే ఎక్కువ. అదే హైవే మీద రోజూ వంద కిలోమీటర్లు ఒకే వేగంతో పోయే కారుకు మాన్యువల్ చెప్పిన 10,000 నిశ్చింతగా పాటించవచ్చు. దుమ్ము దారులు, గంటలకొద్దీ ట్రాఫిక్, ట్రాలీ లాగడం, ఇవన్నీ మీ కేసు కిందికే వస్తాయి. మాన్యువల్‌లో కఠిన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది. అందులో సాధారణంగా గడువు సగానికి తగ్గి ఉంటుంది.

ప్రశ్న: డీజిల్ కారులో ఆయిల్ మార్చిన వారానికే నల్లగా అయిపోయింది. నాసిరకం ఆయిల్ పోశారంటారా?

జవాబు: రంగును బట్టి చెప్పలేం. డీజిల్ మసిని ముద్ద కట్టకుండా తనలో తేలుతూ ఉంచడం ఆయిల్ పనే. నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. రంగుకు బదులు ఇవి చూడండి: ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ వాసన చూస్తే ఇంధనం కంపు కొట్టడం, ఆయిల్‌లో లోహపు మెరుపు కనబడటం, పాలు కలిపిన కాఫీ రంగు రావడం. పొయ్యకుండానే మట్టం పెరుగుతుంటే మరీ జాగ్రత్త. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కార్లలో ఆ ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి అదనంగా డీజిల్ చిమ్ముతారు. ఆ కాల్చే పని సగంలో ఉండగా ఇంజిన్ ఆపేస్తూ పోతే ఆ డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. మట్టం గరిష్ఠ గీత దాటితే గడువుతో పని లేకుండా మార్చేయాలి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పొయ్యాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ సీ3 (ఆయిల్‌కు యూరప్ ప్రమాణం) అని ఉంటే డబ్బా మీదా అదే ఉండాలి.

ప్రశ్న: లక్ష కిలోమీటర్లు దాటింది కాబట్టి 5డబ్ల్యూ-30 బదులు 10డబ్ల్యూ-40 పొయ్యమంటున్నాడు మెకానిక్. చిక్కటి ఆయిల్ మంచిదేనా?

జవాబు: లక్ష దాటిందన్నది ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, వెనకున్నది 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ కనుక ముందు అంకె తక్కువైతేనే లాభం. వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చుకునే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో సన్నటి దారుల్లోంచి ఆయిల్ వేగంగా పోవాలి. అక్కడ చిక్కదనం ఇబ్బంది పెడుతుంది. ఆయిల్ నిజంగా తగ్గిపోతుంటే, నీలం పొగ వస్తుంటే, ముందు పీసీవీ వాల్వ్, వాల్వ్ సీళ్లు చూపించండి. ఆ తర్వాత మాన్యువల్‌లోని గ్రేడుల పట్టికలో 40 ఉంటే వాడండి, లేకపోతే వద్దు.

ప్రశ్న: ఆయిల్, ఫిల్టర్ నేనే మార్చాను. మర్నాడు ఫిల్టర్ దగ్గర ఆయిల్ ధార కట్టింది. బిగింపు సరిగ్గానే ఉంది. ఎక్కడ పొరపాటు?

జవాబు: ముందు ఇంజిన్ నడపడం ఆపండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయి, దాని మీద కొత్త రింగు కూర్చుని ఉండొచ్చు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు, ఒత్తిడికి జారిపోతాయి. ఫిల్టర్ విప్పగానే పాత రింగు దాంతో వచ్చిందో లేదో చూడటం ఎప్పుడూ మరవద్దు.

మళ్లీ చేసేటప్పుడు ఫిల్టర్ కూర్చునే చోటు శుభ్రంగా తుడవండి. కొత్త రింగుకు వేలితో కాస్త కొత్త ఆయిల్ రాయండి. రింగు తగిలేదాకా చేత్తో తిప్పి, అక్కడినుంచి ముప్పావు చుట్టు బిగించండి. స్పానర్ వాడితే రింగు నలిగిపోతుంది, వచ్చేసారి ఫిల్టర్ ఊడిరాదు. డ్రెయిన్ ప్లగ్ వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ప్లగ్‌ని బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం సంప్‌లో మర పోతుంది, అప్పుడు ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. కారు కిందికి దూరేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి.

చిన్న ఇంజిన్లకు మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. మాన్యువల్ చెప్పిన దానికన్నా అర లీటరు తగ్గించి పోసి, ఒక నిమిషం నడిపి ఆపి, పది నిమిషాలయ్యాక చదునైన చోట డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా కలపండి.

ప్రశ్న: సర్వీసింగ్ చేయించాక మట్టం పై గీతకు ఒక వేలు పైన ఉంది. ఎక్కువుంటే నష్టమేముంది?

జవాబు: ఉంది. క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతూ ఆయిల్‌ని చిలుకుతుంది, నురగ లేస్తుంది. నురగలో గాలి ఉంటుంది గనుక బేరింగులకు అందాల్సిన పొర అందదు. సీళ్లు కారడం కూడా మొదలవుతుంది. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య సుమారు లీటరు పడుతుంది. ఆ లెక్కన ఎంత తీయాలో అంచనా కట్టి, డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపుతో లాగేయించండి.

ప్రశ్న: మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా ఒకసారి వెలిగి ఆరిపోతోంది. ఇంటికి పన్నెండు కిలోమీటర్లుంది, నెమ్మదిగా పోవచ్చా?

జవాబు: పోకండి. ఆ దీపం చెప్పేది ఒత్తిడి సంగతి. మలుపులో ఆయిల్ పక్కకు ఒరిగి పంపు గొట్టం గాలి పీలుస్తోందంటే మట్టం బాగా పడిపోయినట్టే. పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. తక్కువుంటే కలపండి. చేతిలో అదే గ్రేడు ఉంటే బ్రాండు వేరైనా ఫరవాలేదు. మట్టం సరిగ్గా ఉండి కూడా వెలుగుతుంటే పంపో, జాలీయో, సెన్సారో తేలేదాకా స్టార్ట్ చెయ్యకుండా బండిని లాగించి తీసుకెళ్లండి.